సూదికన్నా ముందు స్కానింగ్: గోదావరి డెల్టాలో ఊపిరితిత్తుల హైడాటిడ్ సిస్ట్‌ను పట్టుకునే పద్ధతి

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద గుండ్రటి నీడ కనిపిస్తే అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ముందు తట్టేది టీబీ. అందులో తప్పు లేదు, మన దగ్గర ఎక్కువ ఉన్నది అదే. తర్వాత చీముగడ్డ, ఆ తర్వాత క్యాన్సర్ గుర్తొస్తాయి. కుక్క పేగులో బతికే బద్దెపురుగు వల్ల వచ్చే నీటి సిస్ట్, అంటే హైడాటిడ్ సిస్ట్, ఆ లెక్కలోకి రాకుండానే రోగి చేతికి ఆరు నెలల టీబీ మందులు వచ్చేస్తాయి. లేదంటే ముక్క పరీక్ష కోసం పక్కటెముకల మధ్య నుంచి సూది దిగుతుంది. మొదటి పొరపాటుతో కాలం పోతుంది. రెండోది గంటలో ప్రాణం మీదికి తేగలదు.

ఇది పీహెచ్‌సీలు, ఏరియా ఆసుపత్రులు, చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసే డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే సిబ్బంది కోసం రాసినది. ఇందులో చెప్పే పనుల్లో ఎక్కువ భాగానికి కావలసింది ఎక్స్‌రే, కడుపు స్కానింగ్, మామూలు మైక్రోస్కోపు, రోగితో పది నిమిషాల మాట.

జబ్బు దారి

పురుగు పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. పెద్దదైన పురుగు కూడా ఒక సెంటీమీటరు పొడవుండదు, కుక్క పేగులో వందలకొద్దీ ఉన్నా కుక్క నిక్షేపంగా తిరుగుతుంది. దాని మలంతో గుడ్లు బయటపడి గడ్డి మీదా, నీళ్లలోనూ, కుక్క బొచ్చులోనూ ఉంటాయి. గొర్రె, మేక, పశువు ఆ గుడ్లను మింగితే వాటి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి సిస్టులు పెరుగుతాయి. కోతలో పనికిరాదని పారేసిన ఆ భాగాలను మళ్లీ కుక్క తింటుంది, చక్రం తిరుగుతుంది. మనిషి ఇందులోకి ప్రమాదవశాత్తూ వస్తాడు, కుక్కను నిమిరిన చేత్తో అన్నం తినో, కడగని ఆకుకూరతోనో, కలుషితమైన నీళ్లతోనో.

మటన్ తింటే ఇది వస్తుందన్నది అపోహ. మనిషికి అంటించేది కుక్క మలంలోని గుడ్డు, మాంసంలోని సిస్ట్ కాదు. రోగి నుంచి ఇంకొకరికి కూడా అంటదు. రోగిని విడిగా పడుకోబెట్టాల్సిన, కంచం వేరు చేయాల్సిన పని లేదు, ఈ మాట ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

మింగిన గుడ్డులోంచి వచ్చిన పిల్లదశ పేగు గోడ దాటి రక్తంతో కాలేయానికి చేరుతుంది. సుమారు 70 శాతం అక్కడే ఆగుతాయి. కాలేయం జల్లెడను దాటినవి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి, దాదాపు 20 శాతం. పిల్లల్లో మాత్రం ఊపిరితిత్తుల వాటా ఇంకా ఎక్కువ. ఊపిరితిత్తి మెత్తగా సాగే అవయవం కాబట్టి సిస్ట్‌కు అడ్డు ఉండదు, ఏడాదికి 1 నుంచి 5 సెం.మీ. దాకా పెరగగలదు. అందుకే పదేళ్ల పిల్లాడి ఛాతీలో 10 సెం.మీ. సిస్ట్ ఉండి, వాడు బడికి వెళ్లి ఆడుకుంటూ ఉండటం అసాధ్యమేమీ కాదు.

ఎవరిలో అనుమానించాలి

ఆంధ్రలో ఈ జబ్బు పేరు చెప్పగానే డాక్టర్లకు గుర్తొచ్చేది కర్నూలు వైపు, గొర్రెల పెంపకం బలంగా ఉన్న మెట్ట ప్రాంతాలు. వరి, కొబ్బరి, చేపల చెరువుల డెల్టాలో ఇది అరుదు. కానీ రోగి ఉన్న చోటు, జబ్బు అంటిన చోటు ఒకటే కానక్కర్లేదు. అంటిన నాటికీ బయటపడిన నాటికీ మధ్య ఐదేళ్లు ఉండొచ్చు, పదిహేనేళ్లూ ఉండొచ్చు. కాబట్టి ‘ఇంట్లో కుక్క ఉందా?’ అని అడిగి, లేదనగానే కాగితం మడిచేయడం చరిత్ర అడగడం అవదు.

అడగాల్సినవి ఇవి. పుట్టి పెరిగిన ఊరేది, అక్కడ గొర్రెలు, మేకలు, కుక్కలు ఉండేవా? కోడలిగా వచ్చిన మనిషి అయితే పుట్టిల్లు ఎటువైపు? గల్ఫ్‌లో పనిచేశారా, ఎన్నేళ్లు, ఏ పని? కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, సౌదీ వెళ్లినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మధ్యప్రాచ్యం ఈ జబ్బు బాగా కనిపించే ప్రాంతాల్లో ఒకటి, అందులోనూ ఎడారిలో గొర్రెలు, మేకలు, ఒంటెలు కాసే పనికి వెళ్లినవారికి ముప్పు ఎక్కువ. ఇంటిపనికి వెళ్లానని చెప్పినా, అక్కడ జంతువుల పని కూడా చేయించారా అని విడిగా అడగాలి. చాలామంది తమంతట తాముగా ఆ సంగతి చెప్పరు.

ఇక్కడే ఉన్నవారిలో మాంసం కొట్టువాళ్లు, గొర్రెల కాపరులు, కోతలయ్యాక ఎరువు కోసం చేలల్లో మందలు కట్టే కాపరులతో కలిసి తిరిగేవారు, వీధికుక్కలకు తిండి పెట్టేవారు గుర్తుంచుకోవలసినవారు. కోతచోట కుక్కలు పారేసిన ఊపిరితిత్తులు తింటున్నాయా అనేది అడగదగ్గ ప్రశ్నే.

ఇంకో దారి గల్ఫ్ వీసా మెడికల్. ఏ బాధా లేని కుర్రాడికి ఎక్స్‌రేలో నీడ కనపడి అన్‌ఫిట్ అని రాస్తారు. కంగారులో అతను ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి టీబీ మందులు మొదలుపెట్టేస్తాడు, నెల రోజుల్లో నీడ పోతుందన్న ఆశతో. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఏవీ లేకుండా అంచు నున్నగా ఉన్న గుండ్రటి నీడ ఒక్కటే ఉంటే టీబీ కన్నా ముందు సిస్ట్‌ను తలచుకోవాలి.

రోగి చెప్పే మాటల్లో వెతకవలసినవి

చెక్కుచెదరని సిస్ట్ చాలాకాలం మౌనంగా ఉంటుంది. పెద్దదయ్యాక పొడి దగ్గు, పక్కలో నొప్పి, కొద్దిపాటి ఆయాసం, అప్పుడప్పుడూ కళ్లెలో రక్తపు చార. ఇవి ఏ జబ్బుకైనా ఉంటాయి. కానీ సిస్ట్ శ్వాసనాళంలోకి పగిలినప్పుడు రోగి చెప్పే మాట వేరే ఏ జబ్బులోనూ దాదాపు వినపడదు: దగ్గుతుంటే ఒక్కసారిగా నోటినిండా ఉప్పటి నీళ్లు వచ్చాయి, వాటితో ద్రాక్ష తొక్కలాంటి తెల్లటి పొర ముక్కలు పడ్డాయి. ఆ వెంటనే ఒళ్లంతా దద్దుర్లు, దురద, ఆయాసం వచ్చాయంటే అనుమానం బలపడినట్టే. రోగికి ఇది వింతగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ‘కళ్లెలో పొరలాంటిది ఏమైనా పడిందా, నీళ్లు ఉప్పగా తగిలాయా?’ అని మనమే అడగాలి.

కళ్లె చేదుగా, పసుపుపచ్చగా వస్తుంటే అది పైత్యరసం. కాలేయం పైభాగంలోని సిస్ట్ గానీ గడ్డ గానీ డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉన్న కండరం) దాటి శ్వాసనాళంలోకి తెరుచుకుందని అర్థం. దాని దారి వేరు, ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి పంపాలి.

ఎక్స్‌రే చదవడం

పీఏ వ్యూ (వెనక నుంచి ముందుకు తీసే ఎక్స్‌రే) ఒక్కటి చాలదు, పక్క వ్యూ కూడా తీయించండి. సిస్టులు ఎక్కువగా కింది భాగాల్లో, అందులోనూ కుడివైపు ఉంటాయి. గుండె వెనకా, డయాఫ్రం చాటునా ఉన్నవి పీఏ వ్యూలో తప్పించుకుంటాయి. ఒకటి కనిపించిందని ఆగకూడదు. ఒకటికన్నా ఎక్కువ ఉండేవారు తక్కువేమీ కాదు, రెండో ఊపిరితిత్తిని కూడా అంగుళం అంగుళం చూడాలి.

పగలని సిస్ట్ గుండ్రంగానో, గుడ్డు ఆకారంలోనో, లోపలంతా ఒకే తెలుపుతో, గీత గీసినట్టున్న అంచుతో ఉంటుంది. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి శుభ్రంగా ఉంటుంది. కాలేయపు సిస్టుల్లో సున్నపు గోడ (కాల్షియం పేరుకున్న గోడ) తరచుగా కనిపిస్తుంది, ఊపిరితిత్తిలో అది చాలా అరుదు. కాబట్టి సున్నం లేదు కనుక హైడాటిడ్ కాదనే వాదన చెల్లదు. గట్టి సున్నం కనిపిస్తేనే మానిన టీబీ మచ్చ, హమార్టోమా (క్యాన్సర్ కాని గడ్డ) వంటివి ఆలోచించాలి.

పగలడం మెట్లుమెట్లుగా జరుగుతుంది, ప్రతి మెట్టుకూ ఒక బొమ్మ ఉంది. సిస్ట్‌కు మూడు పొరలు: బయట మన శరీరం కట్టిన గోడ, దాని లోపల పురుగు తయారుచేసే పొరలుపొరల తెల్లటి పొర, అన్నిటికన్నా లోపల పిల్లల్ని పుట్టించే పలచటి పొర. ముందుగా శ్వాసనాళం ఒరుసుకుపోయి మొదటి రెండిటి మధ్య కొంచెం గాలి చేరుతుంది. అప్పుడు సిస్ట్ నెత్తిమీద సన్నటి నల్లటి నెలవంక కనపడుతుంది. ఇది పగలబోతున్న సిస్ట్, వారాలు వాయిదా వేయకూడదు. గాలి లోపలికి కూడా చొరబడితే నెలవంక ఒకటి, దాని కింద సిస్ట్ లోపల గాలీ నీరూ కలిసే గీత ఒకటి, మొత్తం రెండు వంపులు వస్తాయి. తర్వాత లోపలి పొర కుప్పకూలి మిగిలిన నీటి మీద తేలుతుంది, నీటి గీత సమంగా ఉండకుండా అలలుగా కనపడుతుంది. కలువ గుర్తు అని పుస్తకాలు చెప్పేది ఇదే. నీరంతా దగ్గులో పోయాక పొర అడుగున ముద్దగా కూర్చుంటుంది.

ఈ బొమ్మల దగ్గరే మోసపోయేది. నెలవంక ఫంగస్ ముద్దలోనూ వస్తుంది. పాత టీబీ గుంటలో ఆస్పర్జిల్లస్ ముద్ద పెరిగితే దాని మీద కూడా గాలి వంపు కనిపిస్తుంది. తేడా చుట్టూ చూస్తే తెలుస్తుంది: ఫంగస్ ముద్ద సాధారణంగా పై భాగంలో, మచ్చలు పడి కుంచించుకుపోయిన ఊపిరితిత్తిలో ఉంటుంది, రోగికి పాత టీబీ చరిత్ర ఉంటుంది. సిస్ట్ చుట్టూ ఉన్న ఊపిరితిత్తి ఆరోగ్యంగా ఉంటుంది. ఇక పగిలి చీముపట్టిన సిస్ట్ అచ్చం చీముగడ్డలా, గాలీ నీరూ కలిసే తిన్నటి గీతతో ఉంటుంది. యాంటీబయాటిక్ మూడు నాలుగు వారాలు వాడినా జ్వరం తగ్గి గుంట మాత్రం మొండిగా మిగిలితే, లోపల పొర ఉందేమోనని సీటీలో వెతకాలి.

పొరకుహరంలోకి (ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య ఖాళీలోకి) పగిలితే ఒక్కసారిగా నొప్పి, ఆయాసంతో ఛాతీలో గాలీ నీరూ రెండూ కనిపిస్తాయి. ఎంపయీమా (పొరకుహరంలో చీము) అనుకుని గొట్టం వేసేస్తారు. నీరు నిర్మలంగా ఉండి, గొట్టంలో తెల్లటి పొర అడ్డం పడుతుంటే అప్పటికైనా ఆగి ఆలోచించాలి.

కడుపు స్కానింగ్, అదే రోజు

ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకగా అతి ఎక్కువ చెప్పే పరీక్ష ఇది. ఛాతీలో అనుమానపు నీడ ఉన్న ప్రతి రోగికీ సూదికి ముందు, టీబీ మందులకు ముందు కడుపు స్కానింగ్ చేయించండి. ఊపిరితిత్తిలో హైడాటిడ్ ఉన్నవారిలో ఐదుగురిలో ఒకరికో అంతకన్నా ఎక్కువ మందికో కాలేయంలోనూ సిస్ట్ ఉంటుంది. కాలేయంలో రెండు గీతల గోడ, లోపల పిల్ల సిస్టులు, తేలే పొర, సున్నపు గోడ, వీటిలో ఏది కనపడినా ఛాతీలోని నీడకు పేరు దొరికినట్టే. రోగిని పక్కకు తిప్పి మళ్లీ చూడమని స్కానింగ్ చేసేవారికి చెప్పండి, అడుగున ఉన్న సన్నటి ఇసుకలాంటి రేణువులు కదిలి మంచులా రాలతాయి. మామూలు కాలేయపు సిస్ట్‌లో అవి ఉండవు, గోడ కూడా రెండు గీతలుగా కనపడదు. ప్లీహం, కిడ్నీలు, కటి భాగం కూడా చూడాలి.

ఛాతీ గోడకు ఆనుకున్న సిస్ట్ అయితే అదే 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌ను పక్కటెముకల సందుల్లో పెట్టినా, కుడి అడుగుభాగాన్ని కాలేయం మీదుగా చూసినా కనిపిస్తుంది. నల్లగా, ప్రతిధ్వని లేకుండా ఉంటే లోపల నీరని తెలుస్తుంది, గట్టి గడ్డ కాదు. గాలి నిండిన ఊపిరితిత్తి మధ్యలో ఉన్న సిస్ట్ మాత్రం స్కానింగ్‌కు కనపడదు. కనపడలేదంటే లేదని కాదు.

కుడివైపు అడుగున ఉన్న గుండ్రటి నీడ విషయంలో ఇంకో జాగ్రత్త. కాలేయం పైకొనలోని సిస్ట్ డయాఫ్రంను పైకి నెట్టి ఊపిరితిత్తి సిస్ట్‌లా కనిపిస్తుంది. దాన్ని స్కానింగే తేలుస్తుంది.

సీటీలో ఏం అడగాలి

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరు ఎక్కడ తీసినా సీటీ నాణ్యత మనం రాసే కాగితం మీద కొంత ఆధారపడుతుంది. ‘ఛాతీ సీటీ’ అని ఊరుకోకండి. కాంట్రాస్టుతో, కాలేయం పూర్తిగా వచ్చేలా, హైడాటిడ్ అనుమానం, లోపల పొర ఉందో లేదో చూడండి, హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలత) విలువ రాయండి అని రాయండి. నీటికి హెచ్‌యూ సున్నా దగ్గర ఉంటుంది, పగలని హైడాటిడ్ సిస్ట్‌లో 0 నుంచి 20 మధ్య వస్తుంది. గోడ సన్నగా, సమంగా మెరుస్తుంది, లోపలి ద్రవం కాంట్రాస్టు పీల్చదు. చీముపడితే ఈ విలువ పైకి పోతుంది, గోడ మందమవుతుంది, అప్పుడు చీముగడ్డ నుంచీ క్యాన్సర్ నుంచీ విడదీయడం కష్టం. ఆ దశలో ఆధారం లోపల ముడుచుకున్న పొర, పొరకూ గోడకూ మధ్య గాలి బుడగలు.

గోడ ఒకచోట మందంగా, ఇంకోచోట గరుకుగా ఉండి లోపలికి కండ పెరిగినట్టుంటే, రోగి చుట్టో బీడీయో ఏళ్లతరబడి కాలుస్తుంటే, క్యాన్సర్ దారిలోనే వెళ్లాలి. హైడాటిడ్ అనే ఆలోచన ఆ దారికి అడ్డు రాకూడదు.

రక్త పరీక్షలు ఎంతవరకు నమ్మాలి

ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) పెరగలేదు కాబట్టి పురుగు జబ్బు కాదు, ఈ మాట వార్డుల్లో తరచుగా వినపడుతుంది. ఇది నిజం కాదు. పొరలు చెదరని సిస్ట్‌లో పురుగు ద్రవం రక్తానికి తగలదు, ఎక్కువమందిలో ఇయోసినోఫిల్స్ మామూలుగానే ఉంటాయి. కారినప్పుడో పగిలినప్పుడో పెరుగుతాయి. ఇటు తిరగేసినా నిజం కాదు: మన డెల్టాలో ఇయోసినోఫిల్స్ పెరగడానికి కొంకిపురుగు, ఏలికపాము, స్ట్రాంగిలాయిడ్స్, ఫైలేరియా ఎన్నో కారణాలు. ముఖ్యంగా ఫైలేరియా ఉన్న ఈ ప్రాంతంలో రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఇయోసినోఫిల్స్ 3000 దాటడం ఉంటే అది ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫీలియా కావచ్చు. దాని ఎక్స్‌రేలో రెండువైపులా సన్నటి చుక్కలు, గీతలు ఉంటాయి. గుండ్రటి సిస్ట్ ఉండదు.

ఎకినోకాకస్ ఐజీజీ ఎలైజా (పురుగు మీద తయారైన యాంటీబాడీలను వెతికే రక్త పరీక్ష) కాలేయపు సిస్టుల్లో పదింట ఎనిమిది, తొమ్మిదిటిని పట్టుకుంటుంది. చెక్కుచెదరని ఊపిరితిత్తి సిస్టుల్లో మాత్రం సగం దాకా వదిలేస్తుంది. పాజిటివ్ వస్తే బొమ్మతో కలిపి చూసినప్పుడు బలమైన సాక్ష్యం, నెగెటివ్ వస్తే అది ఏమీ తేల్చినట్టు కాదు. బొమ్మ హైడాటిడ్‌లా ఉంటే నెగెటివ్ ఎలైజా చూపించి సూది గుచ్చడానికి అనుమతి ఇవ్వకండి. సిస్టిసర్కోసిస్, ఇతర పురుగులు ఉన్నవారిలో తప్పుడు పాజిటివ్ కూడా వస్తుంది, వీలైతే ఇమ్యునోబ్లాట్‌తో నిర్ధారించుకోవాలి. ఈ పరీక్ష చిన్న ల్యాబులో జరగదు, సీరం 2 మి.లీ. తీసి చల్లగా బయటికి పంపాలి, ఫలితానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రోగిని ఊరికే కూర్చోబెట్టకుండా స్కానింగ్, సీటీ పూర్తి చేసుకోవచ్చు. పాత కాసోని చర్మ పరీక్షను వదిలేయండి, దానికి నమ్మకం తక్కువ, అలర్జీ ప్రమాదం ఎక్కువ.

కళ్లె పరీక్ష: రెండు స్లైడులు, రెండు కళ్లు

టీబీ కోసం సీబీనాట్ లేదా ట్రూనాట్ తప్పకుండా చేయించాలి. హైడాటిడ్ ఉన్నవారికి టీబీ ఉండకూడదని నియమం లేదు. అయితే నమూనాలో కొంత భాగాన్ని పచ్చిగా, రంగు వేయకుండా చూడమని టెక్నీషియన్‌కు కాగితం మీదే రాయాలి. నోటిమాట మధ్యాహ్నానికి మరిచిపోతారు.

చూసే పద్ధతి సులభం. కళ్లెలో తెల్లటి పొర ముక్క గానీ గట్టి తునక గానీ ఏరి స్లైడు మీద ఒక చుక్క సెలైన్‌లో పెట్టి, కవర్ స్లిప్ వేసి, కండెన్సర్ దించి వెలుగు తగ్గించండి. ముందు 10, తర్వాత 40 ఆబ్జెక్టివ్. పురుగు తలలు, విడిపోయిన కొక్కేలు కనపడవచ్చు. కొక్కెం 20 నుంచి 40 మైక్రాన్ల పొడవుతో, ఒక కొస వంగి, మెరుస్తూ ఉంటుంది. వెలుగు ఎక్కువ పెడితే ఆ మెరుపు కనపడదు, అక్కడే ఎక్కువమంది తప్పుతారు. టీబీ కోసం వేసే జీల్ నీల్సన్ రంగులో కొక్కేలు ఎర్రగా రావచ్చు. ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో సన్నటి కడ్డీల కోసమే వెతికే కంటికి అంత పెద్ద కొక్కెం చెత్తలా అనిపిస్తుంది.

పొర ముక్క దొరికితే సగం 10 శాతం ఫార్మలిన్‌లో పెథాలజీకి పంపండి. కణాలు లేని, పొరలుపొరలుగా ఉండే, పీఏఎస్ రంగు పట్టే పొర కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. రోగి ఇంటి దగ్గర దగ్గి ఉమ్మిన పొరను శుభ్రమైన సీసాలో వేసి తెమ్మని ముందే చెప్పి, సీసా చేతికిచ్చి పంపితే కొన్నిసార్లు సీటీ కన్నా అదే ముందు తేలుస్తుంది.

ఇంకో పురుగు కూడా ఇదే మైక్రోస్కోపు కింద దొరుకుతుంది, ఊపిరితిత్తుల ఆకుపురుగు పారగోనిమస్. ఇది మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ వంటి చోట్ల వాగుల్లోని పీతలను పచ్చిగానో సగం కాల్చో తినేవారిలో వస్తుంది. మనం ఉడికించి వండుకునే పీతల కూరతో రాదు. కానీ ఈశాన్యం నుంచి పనికోసమో చదువుకోసమో డెల్టాకు వచ్చిన మనిషికి నెలలతరబడి తుప్పురంగు కళ్లె, ఇయోసినోఫిల్స్ పెరగడం, సీటీలో ఊపిరితిత్తి పైపొరకు దగ్గరగా చిన్న సిస్టులు, వాటినుంచి ఆ పైపొర దాకా సన్నటి సొరంగంలాంటి గీత ఉంటే దీన్ని అడగాలి. గుడ్లు బంగారు గోధుమరంగులో, మూతతో, 80 నుంచి 120 మైక్రాన్ల పొడవు ఉంటాయి, 10 ఆబ్జెక్టివ్‌కే దొరుకుతాయి. కళ్లె చిక్కగా ఉంటే 3 శాతం సోడియం హైడ్రాక్సైడ్ సమానంగా కలిపి కరిగించి, సెంట్రిఫ్యూజ్ చేసి అడుగు చూడండి. పిల్లలు కళ్లె మింగేస్తారు కాబట్టి వాళ్లకు మలం కూడా చూడాలి. దీనికి ఆపరేషన్ అక్కర్లేదు, ప్రాజిక్వాంటెల్ కిలోకు 25 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు, 2 లేక 3 రోజులు ఇస్తారు.

మన దగ్గర ఇవి కూడా ఇదే వేషంలో వస్తాయి

అమీబా కాలేయపు గడ్డ కుడి ఊపిరితిత్తిలోకి పగిలితే చాక్లెట్ రంగు కళ్లె, జ్వరం, కుడి డొక్కలో తాకనివ్వని నొప్పి ఉంటాయి. కాలేయం స్కానింగ్ దీన్ని చెప్పేస్తుంది, మెట్రోనిడజోల్‌కు రోజుల్లో తేరుకుంటారు. షుగరు ఉండి బురదలో, వరిచేలో పనిచేసేవారికి వానాకాలంలో జ్వరంతో ఊపిరితిత్తి, కాలేయం, ప్లీహాల్లో చీముగడ్డలు వస్తే మెలియాయిడోసిస్ (మట్టిలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు) కోసం రక్తం, చీము కల్చర్ పంపాలి. పుట్టుకతో వచ్చే బ్రాంకోజెనిక్ సిస్ట్ ఎక్కువగా మధ్యభాగాన, శ్వాసనాళం దగ్గర ఉంటుంది, ఏళ్లతరబడి సైజు మారదు. అందుకే రోగి దగ్గర ఉన్న పాత ఎక్స్‌రే ఏదైనా సరే, పెళ్లికి ముందుదైనా, తెప్పించి పక్కన పెట్టి చూడండి.

సూది ఎందుకు వద్దు, దిగిపోతే ఏం చేయాలి

సిస్ట్‌లోని ద్రవం ఒత్తిడితో ఉంటుంది, దాన్నిండా పురుగు తలలు, అలర్జీ పుట్టించే ప్రొటీన్లు ఉంటాయి. సూది వేస్తే ద్రవం పొరకుహరంలోకో శ్వాసనాళంలోకో కారుతుంది. వెంటనే అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) రావచ్చు, ఊపిరితిత్తి కుంచించుకుపోవచ్చు. రాకపోయినా, చిందిన ప్రతి తలా కొత్త సిస్ట్ అవగలదు. కాలేయపు సిస్టులకు సూదితో చేసే చికిత్స ఒకటి ఉంది, దాన్ని చూసి ఊపిరితిత్తికి చేయకూడదు. అందువల్ల నీరు ఉన్న గుండ్రటి నీడలో హైడాటిడ్‌ను తోసిపుచ్చకుండా ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నటి సూదితో కణాలు లాగే పరీక్ష) గానీ, సీటీ చూస్తూ తీసే ముక్క పరీక్ష గానీ చేయించవద్దు.

తెలియక సూది పడి, సిరంజిలోకి కొబ్బరినీళ్లలా తేటగా ద్రవం వస్తే వెంటనే ఆపండి. మళ్లీ మళ్లీ లాగవద్దు. వచ్చినదాన్ని పారేయకుండా ల్యాబుకు పంపి, 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి అడుగు చూడమనండి. రోగికి ఐవీ లైను, ఆక్సిజన్, పక్కన అడ్రినలిన్ ఉండాలి. గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం మొదలైతే 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటి పక్క కండరంలోకి, పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా., 5 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ. సెలైన్ వేగంగా ఎక్కించాలి. అవిల్ (అలర్జీ మందు), స్టెరాయిడ్ తర్వాత. అడ్రినలిన్‌కు బదులుగా అవి పనికిరావు. దగ్గులో పగిలి ఇంటి దగ్గరే ఒళ్లు దద్దుర్లెక్కినవారికీ ఇదే చికిత్స.

ఆల్బెండజోల్ మాటకు వస్తే

హైడాటిడ్ అనగానే ఆల్బెండజోల్ రాసెయ్యాలన్న తొందర సహజం. పెద్ద, పగలని ఊపిరితిత్తి సిస్ట్‌కు ఆపరేషన్ ముందు అది మొదలుపెడితే పొర బలహీనపడి పగిలే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ నిర్ణయం సర్జన్‌కు వదలాలి. చిన్న సిస్టులకు, ఆపరేషన్ కుదరనివారికి, పగిలిన తర్వాత దాని అవసరం ఉంటుంది. మోతాదు రోజుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., పెద్దవారికి సాధారణంగా 400 మి.గ్రా. రెండు పూటలా, నూనె ఉన్న భోజనంతో, నెలలతరబడి. లివర్ పరీక్షలు, తెల్లకణాలు మొదట్లో రెండు వారాలకోసారి చూడాలి, గర్భిణి కాదని తేల్చుకోవాలి. ఫైలేరియా మందులతోనో, బడిలోనో ఇచ్చే 400 మి.గ్రా. ఒక్క మాత్ర ఈ సిస్ట్‌ను నయం చేయదు. ఆ మాత్ర మింగాను కాబట్టి పురుగు జబ్బు ఉండదని రోగి అంటే నమ్మి వదిలేయకండి.

పంపేటప్పుడు

ఊపిరితిత్తుల సర్జన్ ఉన్న చోటికే పంపాలి, డెల్టా నుంచి సాధారణంగా విశాఖ గానీ, విజయవాడ గానీ. రోగితో పాటు వెళ్లాల్సినవి: పీఏ, పక్క వ్యూ ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ముతో పాటు సీడీ, కడుపు స్కానింగ్ రిపోర్టు, సీబీనాట్ ఫలితం, ఎలైజా పంపి ఉంటే ఆ తేదీ, ఉన్న పాత ఎక్స్‌రేలు. కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో ‘హైడాటిడ్ అనుమానం, సూది వేయవద్దు’ అని రాయండి. మీరు చెప్పింది మీ రోగి అక్కడి డ్యూటీ డాక్టరుకు చెప్పలేకపోవచ్చు, ఆ కాగితం చెబుతుంది. మత్తు డాక్టరుకు కూడా ముందే తెలియాలి, గాలి ఒత్తిడితో సిస్ట్ పగిలి ద్రవం రెండో ఊపిరితిత్తిలోకి పోకుండా వాళ్లు విడిగా ఏర్పాటు చేసుకుంటారు. పంపేలోపు వీపు తట్టి కళ్లె తీయించే ఫిజియోథెరపీ చేయించవద్దు. ఖర్చు గురించి ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే ఫోన్‌లో అడిగించండి, లేకపోతే సగం మంది బస్సెక్కరు.

రోగి వెళ్లాక ఇంట్లో మిగిలినవారిని పిలిపించండి. ఒకే ఇంట్లో, అదే కుక్కతో పెరిగిన అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలకు ఒక ఛాతీ ఎక్స్‌రే, ఒక కడుపు స్కానింగ్ తీయించాలి, బాధ ఏమీ లేకపోయినా. కుక్క ఇంకా ఉంటే పశువైద్యుడి దగ్గర ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా. వేయించాలి. వేసిన తర్వాత రెండు మూడు రోజులు దాని మలాన్ని చేతికి తొడుగు వేసుకుని ఎత్తి లోతుగా పాతిపెట్టాలి.